సేవయు లెక్కయు



స్త్రీలు నెలకొల్పి నడపిన సేవావృత్తులను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. సేవావృత్తి యనగా నొకరి యవసరమునకై మఱియొకరు శ్రమచేసి, ఆ శ్రమకు తగిన వెల పుచ్చుకొనుట. అన్నము వండిపెట్టుట, పసిపిల్లలను గాచుట, రోగికి పరిచర్య చేయుట, ఒకరి సొమ్మును భద్రపఱచి యడిగినప్పు డప్పగించుట మొదలైనవన్నియు నీ కోవలోనివే. వీనిలో పెక్కు పనులను మన యిండ్లలో స్త్రీలు తరతరములనుండి వెలలేకయే చేయుచున్నారు. వెలలేని పనికి విలువయు లేదనుకొనుట లోకమున కలవాటు. అదే పనిని పదిమందికి జేసి, వెల నిర్ణయించి, లెక్క వ్రాసి, సంస్థలుగా బెంచిన స్త్రీలు మన దేశమున కలరు. వారివలన మన గ్రామములు నేర్వదగిన దేమో విచారింతము.

నేను జీవితమంతయు పాఠశాలలో తెలుగు చెప్పి విరమించినవాడను. వ్యాపారశాస్త్రము చదివినవాడను గాను. అయినను నీ విషయమున నా కొక స్వానుభవము కలదు. అది నాకు గౌరవము దెచ్చునది కాదు. కాని అది చెప్పక మిగిలినది చెప్పుట న్యాయము గాదని దానితోనే యారంభించుచున్నాను.

మన తెలుగునాట పూటకూళ్ళ వృత్తి మిక్కిలి ప్రాచీనమైనది. క్రీడాభిరామమున, ఓరుగల్లు చూడవచ్చినవా రొక రూక యిచ్చి పూటకూటింట తృప్తిగా భుజించిన వర్ణన మున్నది. అంతకాలము క్రిందటనే అన్నమునకు వెల కట్టి, బాటసారికి వేళకు వడ్డించు గృహములు మనకు గలవన్నమాట. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో తొలుత ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. అందును పూటకూళ్ళమ్మ యున్నది. ఆమె సరకులకై యిచ్చిన సొమ్మును గిరీశము తన విలాసమునకు వాడుకొనును. మనము గిరీశము మాటలకు నవ్వుదుము. ఆమె సొమ్ము తిరిగి వచ్చినదా యని యడుగువారు తక్కువ. నే నెన్నియో యేండ్లు ఆ నాటకమును పిల్లలకు పాఠముగా జెప్పితిని. ఆ ప్రశ్న నాకును దోచలేదు. తోచకుండుటకు కారణ మిప్పుడు విన్నవింతును.

1970ల దశాబ్దమున నే నొక పట్టణమున ప్రాచ్యవిద్యాలయములో చదువుచుంటిని. విద్యార్థులము పదిమందిమి ఒక వితంతువు ఇంట నెలకింతయని మాట్లాడుకొని భోజనము చేయుచుంటిమి. ఆమెను మేమందఱము పెద్దమ్మగారని పిలిచెడివారము. ఉదయము తొమ్మిది గంటలకు విస్తరి వేయవలసినచో తొమ్మిది గంటలకే వేయుచుండెను. జ్వరపడినవానికి వేఱుగా జావ కాచియిచ్చుచుండెను. ఎవనికి వంకాయ పడదో, ఎవనికి మజ్జిగ యెక్కువ కావలెనో ఆమె యెఱుగును. చదువు మాత్రము లేదు. వంటయింటి తలుపు వెనుక గోడమీద ఒక్కొక్కనికి ఒక్కొక్క చోటు కేటాయించి, పగటి భోజనమునకు నిలువుగీతయు రాత్రి భోజనమునకు అడ్డగీతయు బొగ్గుతో గీయుచుండెను. నెలాఖరున ఆ గీతలే ఆమెకు చిట్టా, అవియే ఆవర్జా.

చేతులు గడుగుకొని వచ్చుచు కొందఱు పిల్లలు తడిచేతితో రెండు మూడు గీతలు తుడిచివేయుట నేను కన్నులార జూచితిని. చూచియు నూరకుంటిని. అప్పటికి నాకు అమరము కంఠస్థము. ఒక పుస్తకము కుట్టి ఆమె లెక్క వ్రాసిపెట్టుటకు దినమునకు పావుగంట చాలును. గీతలకు బదులు అంకెలు వేయుట ఆమెకే నేర్పుటకు నెలదినములు చాలును. అది నా పని యని నాకు దోచలేదు. శ్లోకమునకు అన్వయము చెప్పుట విద్య యనియు, పూటకూటి లెక్క వంటయింటి సంగతి యనియు ననుకొంటిని.

చదువు ముగిసి ఊరు విడుచునాటికి నేనే రెండు నెలల సొమ్ము బాకీ పడియుంటిని. ఆ మాట చెప్పబోగా, “ఉద్యోగము వచ్చినప్పుడు పంపుదువులే నాయనా” అని పులిహోర మూట కట్టి చేతికిచ్చెను. ఉద్యోగము వచ్చుటకు ఏడాదికి పైగా బట్టినది. సొమ్ము పట్టుకొని పోవునప్పటికి ఆ యింట వేఱెవరో కాపుర ముండిరి. కిరాణా కొట్టువా డరువు మానుటచే భోజనములు నిలిచిపోయినవనియు, ఆమె యన్నదమ్ము లెవరో వచ్చి తీసికొనిపోయిరనియు చెప్పిరి. ఊరి పే రెవరికిని దెలియదు. ఆ ఋణము నా తలమీద నేటికిని అట్లే యున్నది.

పెద్దమ్మగారి వృత్తి యెందుకు నిలువలేదు? సేవలో లోపము లేదు. వేళ తప్పలేదు, రుచి తప్పలేదు, నమ్మకము తప్పలేదు. ఆలోచించి చూడగా ఆమెకు లేనివి నాలుగు కనబడుచున్నవి. చేతిలో మూలధనము లేదు. ఆపదలో పూచీ నిలుచు తోడు లేదు. తుడిచిన చెరగని లెక్క లేదు. తన పేరనున్న సొమ్ము లేదు. ఈ నాలుగింటిని సంపాదించుకొనిన స్త్రీల చరిత్రములు మూడు చెప్పెదను.

మొదటిది బొంబాయి నగరమునకు జెందినది. అచటి నూలుమిల్లుల పేటకు గిరణ్‌గావ్ అని పేరు. కొంకణమునుండి, సాతారా ప్రాంతమునుండి వచ్చిన కూలీలు భార్యాబిడ్డలను ఊళ్ళలోనే విడిచి, ఇఱుకు గదులలో గుంపులుగా నుండి ఆ మిల్లులలో పనిచేసిరి. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలును వారిలో నుండిరి. వీరికి నెలజీతముమీద అన్నము వండిపెట్టు స్త్రీల యిండ్లను మరాఠీభాషలో ఖానావళు లందురు. మన పూటకూళ్ళ యిండ్లే యవి. మిల్లు మూడు వంతులుగా నడచును గనుక ఒక వంతువారు తిని పోగానే రెండవ వంతువారు వచ్చెదరు. తెల్లవాఱుజాము మొదలు అర్ధరాత్రి దాక పొయ్యి ఆఱదు. కూలీలకు జీతము నెలకొకమాఱు వచ్చును. బియ్యము, పప్పు, కిరసనాయిలు మాత్రము నేడే కావలెను. అందుచే ఈ స్త్రీలు కొట్టువానియొద్ద అరువు దెచ్చి, అధికమైన వడ్డీ కట్టి, తాము పడిన శ్రమలోని లాభమును వానికే యప్పగించుచుండిరి. మిల్లులలో సమ్మె జరిగినపుడు కూలీలకు అప్పుమీద అన్నము పెట్టుటకై గిన్నెలు, నగలు కుదువబెట్టిన వారును కలరు.

ప్రేమా పురావు గారు గోవా విమోచనోద్యమమున బాల్గొని, పిమ్మట బొంబాయిలో కార్మికుల నడుమ పనిచేసిన వనిత. కార్మికుని కష్టమును గూర్చి సభలలో అందఱును మాటలాడుచుండగా, ఆ కార్మికునకు అన్నము పెట్టు స్త్రీని గూర్చి మాటలాడువారు లేకుండుట ఆమె గమనించెను. 1969లో 14 పెద్ద బ్యాంకులు ప్రభుత్వపరమైనవి. పేదలకును అప్పు లీయవలెనను మాట పుట్టినది. 1975లో ప్రేమా పురావు గారు 14 మంది ఖానావళి స్త్రీలను గూర్చి అన్నపూర్ణ మహిళామండలి నెలకొల్పి, బ్యాంకువారియొద్ద వారికి అప్పు లిప్పించెను. కుదువ పెట్టుటకు బంగారము లేదు, భూమి లేదు. ఒకరికొకరు పూచీ నిలిచిరి. ఒకతె చెల్లింపకున్న తక్కినవారికి అప్పు పుట్టదు గనుక ప్రతియామెయు పొరుగామె పొయ్యిని తన పొయ్యివలె జూచుకొనెను. కొట్టువాని వడ్డీ తప్పుటచే అదే వంటలో, అదే వెలలో, లాభము చేతికి మిగిలెను.

కథ యంతటితో సుఖముగా ముగియలేదు. 1982 జనవరిలో బొంబాయి మిల్లులలో గొప్ప సమ్మె యారంభమయ్యెను. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పని మానిరి. పెక్కు మిల్లులు మరల దెరవబడలేదు. కూలీ లేనిచోట ఖానావళి యేల? ఒక్క తెగ ఖాతాదారులమీదనే యాధారపడిన వృత్తి, ఆ తెగతోబాటు కూలును. మండలి మాత్రము క్రొత్త దారి వెదకుకొనెను. స్త్రీలు కలిసి యొక చోట వండి, కార్యాలయములకును, విందులకును భోజనములు సరఫరా చేయ సాగిరి. ఒంటరిగా నున్న స్త్రీకి ఈ మార్పు సాధ్యమయ్యెడిది కాదు. ప్రేమా పురావు గారికి 2002లో పద్మశ్రీ బిరుద మొసగబడినది. మూలధనమును తోడును కలిసినప్పుడు పూటకూళ్ళ యిల్లు ఎట్లు నిలుచునో యీ చరిత్రము చూపుచున్నది.

రెండవది అహమ్మదాబాదు నగరమున జరిగినది. అచట బట్టల మూటలు తలమీద మోయువారు, కూరగాయలమ్మువారు, బండ్లు లాగువారు, పాతబట్టలు కుట్టువారు అగు స్త్రీలు వేలకొలది కలరు. వీరికి యజమాని లేడు గనుక కూలీలని యెవరు నెంచరు. దుకాణము లేదు గనుక వర్తకులని యెవరు నెంచరు. న్యాయశాస్త్రము చదివిన ఇళా భట్ గారు 1972లో వీరిని ‘సేవ’ యను కార్మికసంఘముగా గూర్చిరి. స్వయముగా వృత్తి చేసికొను స్త్రీల సంఘమను అర్థము గల యింగ్లీషు పేరులోని మొదటి యక్షరములు కలిసి ‘సేవ’ యైనవి. మన మాటయే యైనట్లు చక్కగ నమరినది.

ఈ స్త్రీలు ఉదయమున అప్పు దెచ్చి సరకు కొని, సాయంకాలమున వడ్డీతో దీర్చుచుండిరి. బ్యాంకులకు బోయిన మాసిన బట్టలు జూచి లోనికి రానిచ్చుటయే కష్టము. మనమే యొక బ్యాంకు పెట్టుకొందమను నాలోచన వారిలోనే పుట్టినది. పేదవారి కది సాధ్యమా యన్న శంకకు, మనము పెక్కుమందిమి గదా యని వారే సమాధానము చెప్పుకొనిరట. 1974లో 4,000 మంది స్త్రీలు తలకు 10 రూపాయల వంతున వాటా ధనము చెల్లించి సహకార బ్యాంకు స్థాపించిరి. నమోదునకు సంతకములు కావలెను. స్థాపకురాండ్రకు వ్రాత రాదు. వారు రాత్రియంతయు గూర్చుండి తమ పేరు వ్రాయుట సాధనచేసి, మఱునాడు అధికారి యెదుట సంతకములు పెట్టిరి.

శ్రోతలారా! ముప్పది యేండ్లకు పైగా అక్షరాభ్యాసము చేయించిన నేను ఈ సంగతి చదివినపుడు పుస్తకము మూసి కొంతసేపు గూర్చుంటిని. మా పెద్దమ్మగారు నా కన్నుల యెదుట మెదలెను. ఒక్క రాత్రి పని గదా యది!

ఖాతాదారులలో పెక్కుమంది నిరక్షరులే గనుక ఆ బ్యాంకువారు మఱియొక యుపాయము పన్నిరి. తన ఖాతాసంఖ్య వ్రాసిన పలకను చేతబట్టుకొని యొక్కొక్క స్త్రీ ఛాయాచిత్రము దీయించుకొనెను. ఆ చిత్రమును పాసుపుస్తకమున నంటించిరి. సంతకము రానివారిని మోసము చేయుటకు వీలులేని యేర్పా టది. సేవ చేయువారు సేవ పొందువారి యోగ్యతను మొదట పరీక్షింపబూనిన పేదవారి కెన్నడును మేలు జరుగదు. పొందువారున్న స్థితిని బట్టి సేవను మలచుటయే తెలివి. ఇల్లుగాని భూమిగాని కుదువనుండి విడిపించుట కప్పిచ్చినపుడు, అది స్త్రీ పేర నుండవలెనని యా సంస్థవారు పట్టుబట్టిరి. ‘సేవ’ క్రింద పిల్లలను సాకు సంఘములు, ఆరోగ్యసేవ చేయు సంఘములు వెలసినవి. వీథులలో కాగితపు ముక్క లేరుకొను స్త్రీలు ‘సౌందర్య’ యను సహకారసంఘముగా జేరి, కార్యాలయములను శుభ్రపఱచు ఒప్పందములు తామే కుదుర్చుకొనిరి. ఇళా భట్ గారు 2022 నవంబరులో పరమపదించిరి. వారు నాటినది నేటికిని ఫలించుచున్నది.

మూడవ చరిత్రము గ్రామసీమకు జెందినది గనుక మనకు మఱింత దగ్గఱది. మహారాష్ట్రమున సాతారా జిల్లాలో మ్హస్వడ్ అను నూరున్నది. వర్షములు తక్కువ. మన రాయలసీమలోని కఱవు పల్లెలను జ్ఞప్తికి దెచ్చు చోటు. బొంబాయిలో పుట్టి పెరిగిన చేతనా సిన్హా గారు, జయప్రకాశ్ నారాయణ్ గారి యుద్యమమువలన గ్రామముల వైపు మరలి, అచటి రైతును వివాహమాడి ఆ యూర స్థిరపడిరి. వీథిప్రక్కన కొలిమి పెట్టుకొని పనిచేసికొను ఒక స్త్రీ వారియొద్దకు వచ్చి, వానకాలమునకు ముందు గుడిసెమీద కప్పుటకు ప్లాస్టిక్కు పట్టా కొనవలెననియు, దానికై దినమునకు కొంత దాచుకొన దలచితే బ్యాంకువారు ఇంత చిన్న సొమ్మునకు ఖాతా తెరువ మనిరనియు మొఱపెట్టెను. ఆమె దానము కోరలేదు. అప్పును గోరలేదు. తన సొమ్ము దాచుకొనుటకు చోటు మాత్రము కోరెను.

స్త్రీలకొఱకు బ్యాంకు పెట్టుటకై రిజర్వు బ్యాంకువారికి దరఖాస్తు పంపిరి. వేలిముద్రలు వేసినవారు స్థాపకులుగా నున్న బ్యాంకునకు అనుమతి యీయజాలమని తిరస్కార ముత్తరము వచ్చినది. ఆ స్త్రీలు చింతించి యూరకుండలేదు. చదువుకొన నారంభించిరి. కొన్ని నెలలైన పిమ్మట మరల అధికారులయొద్దకు తామే పోయిరి. మా చిన్నతనమున మా యూర బడి లేకుండుట మా తప్పు గాదనియు, చదువ రాకున్నను లెక్క మాకు వచ్చుననియు, ఏ మొత్తమునకైనను వడ్డీ యడిగి చూడుడనియు, మీ యధికారులు యంత్రము ముట్టక మాతో సమముగా గట్టగలరేమో పరీక్షింపుడనియు చెప్పిరట. 1997లో అనుమతి వచ్చి మాణ్‌దేశీ మహిళా సహకార బ్యాంకు వెలసినది. గ్రామస్త్రీలు తమకై స్థాపించుకొనిన బ్యాంకు మన దేశమున నదియే మొదటిదని చెప్పుదురు.

బ్యాంకు తెరచిన పిమ్మట నేర్చిన పాఠములు మఱింత విలువైనవి. కూలికి బోవు స్త్రీ బ్యాంకునకు వచ్చినచో నాటి కూలి పోవును. దినము కొంత దాచుటకై అంతకంటె నెక్కువ పోగొట్టుకొనుట యేమి న్యాయము? కనుక బ్యాంకే ఆమె వాకిటికి, ఆమె బజారునకు పోవ సాగెను. పిమ్మట పాసుపుస్తకముల సంగతి వచ్చెను. స్త్రీలు వానిని పుచ్చుకొనుటకు వెనుదీసిరి. పుస్తకము ఇంట కనబడిన మగవా రందలి నిల్వ జూచి ఆ సొమ్ము తెమ్మందురని వారి భయము. బ్యాంకువారు ఈ మాటను కొట్టివేయలేదు. అంకెలు పైకి గనబడని కార్డు లిచ్చిరి. ఖాతాదారు చెప్పినది వినుటయే సేవావృత్తికి మొదటి సూత్రమని ఇంతకంటె చక్కగా చెప్పు నుదాహరణము నే నెఱుగను. ఆ స్త్రీలకు వ్యాపారపు లెక్కలు నేర్పు బడి యున్నది. బడికి రాలేనివారి కొఱకు బస్సులో నడచు బడియు నున్నది. ఈనాడు నేను మాటలాడుచున్న రేడియో వంటిదే వారికొక సామాజిక రేడియో కేంద్రమును గలదు.

పెద్దలారా! కార్డు సంగతి వినుట మనకు సుఖముగా నుండదు. ఆమె దాచుకొనిన సొమ్ము ఎవరి కంట బడకుండ దాచవలసి వచ్చెను? దొంగల కంట గాదు. ఇంటి మగవారి కంట. ఆ యింటి మగవారు మనవంటివారే.

ఇక మన తెలుగునాటి మాట. మనకును ఇట్టి చరిత్రము గలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనిన స్త్రీలు సారా దుకాణము నెదిరించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతయు బ్రాకి, 1993లో సారా నిషేధింపబడినది. సారాకు బోవు సొమ్ము ఇంట మిగులగా, దినమునకు రూపాయి వంతున దాచుకొను పొదుపు సంఘములు నెల్లూరు పల్లెలలో పుట్టి, రెండు రాష్ట్రములుగా నేడున్న యీ దేశమంతట వ్యాపించినవి. చదువు ముందు వచ్చినది, పొదుపు వెనుక వచ్చినది. ఈ క్రమము మఱువరాదు.

ఒక హెచ్చరికయు నవసరము. అప్పు దొరకుట వేఱు, వృత్తి నిలుచుట వేఱు. సూక్ష్మఋణ సంస్థలు ఒకే స్త్రీకి నాలుగు దిక్కులనుండి అప్పులిచ్చి, వారము వారము వసూలుకై వాకిట గూర్చున్న దినములు మనము చూచితిమి. వారి యాగడములు మితిమీరగా 2010 అక్టోబరులో ప్రభుత్వము ప్రత్యేకశాసనము చేయవలసివచ్చెను. బొంబాయి స్త్రీలకు అప్పు రాకమునుపే పొయ్యి వెలుగుచున్నది, తినువారు వాకిట నున్నారు. వారు ఖాతాదారుల నెఱిగిన పిమ్మట అప్పు దెచ్చుకొనిరి. అప్పు ముందు దెచ్చి పని తరువాత వెదకువారికి వడ్డీయే వృత్తి యగును.

ఈ చరిత్రములవలన మన గ్రామములలో పెద్దలు చేయదగిన పనులు కొన్ని నాకు దోచినవి.

మన యూర నొక స్త్రీ నలుగురికి భోజనము పెట్టుచుండవచ్చును. బట్టలు కుట్టుచుండవచ్చును. కూలికి బోవు తల్లుల బిడ్డలను చూచుకొనుచుండవచ్చును. ముదుసలులకు పరిచర్య చేయుచుండవచ్చును. ఆమె వెల యడిగినపుడు ‘మన యమ్మాయియే గదా, మనవద్ద గూడ వెలయా’ యని యనకుడు. బంధుత్వము పేర వెల తగ్గించుట దొంగతనము కాకపోవచ్చును గాని దాని చాయ మాత్రము కలదు. చెప్పిన వెల చెప్పిన దినమున నిండు. కొట్టువానికి గడువు దాటనీయని మనము ఆమెకు గడువు దాటించుట యేల?

ఆమె పద్దు ఆమెచేతనే వ్రాయింపుడు. వ్రాత రాకున్న మీ యింట చదువుకొనిన మనుమనినో మనుమరాలినో పంపి నేర్పింపుడు. మనము వ్రాసిపెట్టిన లెక్క మన మున్నంతవఱకే యుండును. ఆమె నేర్చినది ఆమెతో నుండును. ఇంటి ఖర్చు వేఱు, వృత్తి సొమ్ము వేఱు అని రెండు సంచు లుంచుకొనుట తొలి పాఠము. తన శ్రమకు తానే కూలి వ్రాసికొనుట రెండవ పాఠము. ఇది చాలమంది మఱచెదరు. సరకు వెల మాత్రము లెక్కగట్టి, తెల్లవాఱుజామున లేచి చేసిన పనిని లెక్కింపక, లాభము వచ్చినదని భ్రమపడుదురు.

బ్యాంకు పుస్తకము ఆమె పెట్టెలో నుండనిండు. అవసరమైన యడుగుడు, ఆమె యిచ్చిన పుచ్చుకొనుడు, అప్పుగా వ్రాయింపుడు. కొడుకు గాని మనుమడు గాని ఆ సొమ్ముమీద చేయి వేసినపుడు నోరు విప్పవలసినది పెద్దలమే. ఊరిలో ఖాళీగానున్న పంచాయతీ గదియో, బడి వరండాయో సెలవు దినములలో వారి సమావేశమునకు, పిల్లల సంరక్షణకు ఇప్పించుట మనచేతి పని. ఒకే పని చేయు స్త్రీలు నలుగురున్నప్పుడు పోటీపడి వెలలు తగ్గించుకొనకుండ, కలిసి సరకు కొనునట్లు చెప్పుటయు పెద్దలకు దగిన పనియే.

ఆఖరున ఒక్కమాట. అన్నదానము మహాపుణ్యమని మన పురాణములు చెప్పుచున్నవి. నేనును చెప్పితిని. అన్నము తిని వెల యెగవేయుట యెంత పాపమో అంత గట్టిగా చెప్పినట్లు జ్ఞాపకము లేదు. మొన్న మా యూర నొక యువతి బడి దగ్గఱ టిఫిను బండి పెట్టినది. గోడమీద కాదు, పుస్తకములో వ్రాసికొనుచున్నది. కాని కూడికలలో తప్పులు వచ్చుచున్నవని యామెయే చెప్పినది. సాయంకాలము బండి కట్టివేసిన పిమ్మట అరగంటసేపు మా యరుగుమీద లెక్కలు నేర్చుకొనుచున్నది. “గురువుగారూ, మీ కేమి ఇవ్వవలె?” నని యడిగినది. ఏమియు వలదంటిని. పాత బాకీ యొకటి తీర్చుచున్నానని చెప్పితిని. ఆమెకు బోధపడలేదు. ఆమె యిచ్చిన యిడ్డెనలకు మాత్రము పూర్తి వెల నాటి కానాడే యిచ్చుచున్నాను, పుస్తకమున వ్రాసినది చూచుకొని.

మీ యూరను ఇట్టి బండి యొకటి యుండును. రేపు ఆ దారిని బోవునపుడు, ఆమెకు మీరు బాకీ యున్నారేమో యొక్కమాఱు విచారించుకొనుడు.